లెక్కలకు పొంతన : వేరువేరు సంస్థల కంప్యూటర్లు కలిసి పనిచేయు విధానము

రైతు పండించిన పంట కళ్ళము నుండి కదలి, సొమ్ముగా మారి, తిరిగి రైతు చేతికి వచ్చులోపల ఎన్నో పుస్తకములలోనికి ఎక్కును. భూమి హక్కు ఒక కార్యాలయపు పుస్తకములో ఉండును. పైరు వేసిన విస్తీర్ణము మరియొక దానిలో ఉండును. పంట ఋణము సహకార సంఘపు పుస్తకములోను, అమ్మకము మార్కెట్టు కమిటీ పుస్తకములోను, సొమ్ము బ్యాంకు పుస్తకములోను ఉండును. పూర్వము ఇవన్నియు కాగితపు పుస్తకములే. ఒక దానిలోని విషయమును మరియొక దానిలోనికి ఎక్కించుటకు గుమాస్తా ఉండెడివాడు. అంకె అనుమానముగా ఉన్నచో అతడు రైతును పిలిచి అడిగెడివాడు. నేడు ఈ పుస్తకములన్నియు కంప్యూటర్లలోనికి వచ్చినవి. కాని ఒక్కొక్క సంస్థ తన అవసరమునుబట్టి ఒక్కొక్క రకపు సాఫ్ట్‌వేరును ఏర్పాటు చేసికొన్నది. నడుమ నిలిచి అడుగు గుమాస్తా లేడు.

ఈ సాఫ్ట్‌వేర్ల మధ్య మాట కుదిరినచో అమ్మకపు సొమ్ము త్వరగా రైతు ఖాతాకు చేరును. కుదరనిచో పంట అమ్ముడైనను సొమ్ము రాదు. నష్టపరిహారము మంజూరైనను ఖాతాలో పడదు. అర్హత ఉన్నను జాబితాలో పేరు కనబడదు. ఏ కార్యాలయమునకు పోయి అడిగినను "మా లెక్క సరిగానే ఉన్నది" అని చెప్పుదురు. వారు చెప్పునది అబద్ధము కాదు. ఎవరి పుస్తకము వారికి సరిగానే ఉండును. చిక్కు రెండు పుస్తకముల నడుమ ఉండును. అందుచేత దానిని సరిచేయవలసిన బాధ్యత ఎవరిదో తేలక రైతు తిరుగుచుండును. ఈ చిక్కు ఎట్లు పుట్టును, దానిని తొలగించుటకు లోకమున ఏ పద్ధతులు ఉన్నవి, మన గ్రామములలో చేయదగినది ఏమి అను విషయములను రైతు సోదరులును గ్రామాధికారులును తెలిసికొనుట అవసరము.

ఒక లాటు సరుకు, ఎన్ని లెక్కలు

కేంద్ర ప్రభుత్వము 2016 ఏప్రిల్ 14న ఇ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెట్టును 21 మార్కెట్లతో ప్రారంభించినది. 2020 మే నాటికి దానిలో చేరిన మార్కెట్లు 1,000 అయినవి. నిజామాబాదు, దుగ్గిరాల పసుపు మార్కెట్లు, గుంటూరు మిరప మార్కెట్టు ఇందులో చేరినవే. ఇట్టి మార్కెట్టునకు ఒక రైతు తన సరుకును తెచ్చినాడనుకొందము.

మొదట గేటువద్ద రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాల సంఖ్య వ్రాసి లాటు నంబరు ఇత్తురు. తరువాత నమూనా తీసి తేమ, చెత్త, రంగు మొదలగు గుణములను పరీక్షించి నమోదు చేయుదురు. పిమ్మట వర్తకులు ధర వేయుదురు. ధర కుదిరిన పిదప తూకము జరుగును. తూకమునుబట్టి అమ్మకపు పట్టీ తయారగును. ఇంతవరకు ఒకే సాఫ్ట్‌వేరులో జరుగును.

అచ్చటినుండి దారులు చీలును. సొమ్ము చెల్లించుటకు బ్యాంకు సాఫ్ట్‌వేరు కావలెను. కొన్న వర్తకుడు తన జమాఖర్చులను వేరొక సాఫ్ట్‌వేరులో వ్రాసికొనును. అతడు ఆ సరుకును మిల్లునకు అమ్మినచో మిల్లు లెక్కలు మరియొక విధముగా ఉండును. పన్ను లెక్క జి.ఎస్.టి. యంత్రాంగమునకు పోవలెను. సరుకు గోదాములో నిలువ చేసినచో గోదాము లెక్క వేరు. రైతు సంఘములో ఋణము తీసికొని ఉన్నచో ఆ సంఘపు లెక్క వేరు. ఒక్క లాటు విషయమై ఏడెనిమిది సంస్థలు ఒకే సమాచారమును ఏడెనిమిది రూపములలో ఉంచుకొనుచున్నవి. ఎచ్చట చేతితో తిరిగి వ్రాయుదురో అచ్చట తప్పు దొరలుటకు అవకాశము కలదు.

తూనికలు నేర్పిన పాఠము

ఇట్టి చిక్కును మన పెద్దలు తూనికల విషయమున ఇదివరకే అనుభవించిరి. మణుగు అను మాట దేశములో పెక్కు చోట్ల వాడుకలో ఉండెడిది. కాని మద్రాసు మణుగు 25 పౌనులు, అనగా సుమారు 11 కిలోల 340 గ్రాములు. బెంగాలు మణుగు 82 పౌనులకు పైబడి, సుమారు 37 కిలోల 320 గ్రాములు. పేరు ఒక్కటే అయినను బరువు మూడు రెట్లకు మించినది. మన వైపున 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. నెల్లూరు ప్రాంతమున నేటికిని ధాన్యమును పుట్లలో చెప్పుదురు. అచ్చట పుట్టి యనగా 850 కిలోలు. వేరొక ప్రాంతపు వర్తకునకు ఈ లెక్క చెప్పనిచో తెలియదు.

తూనికలు కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చినది. 1958 అక్టోబరు 1 మొదలు దశలవారీగా మెట్రిక్ తూనికలు అమలులోనికి వచ్చినవి. ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఏ వర్తకుడును తన దుకాణమును మూయలేదు. తన సరుకును గాని, బేరమాడు తీరును గాని మార్చుకొనలేదు. అందరి కాటాలలోను ఒకే రకపు రాళ్లు వచ్చినవి. దానితో ఒక ఊరి తూకము ఇంకొక ఊరివారికి అర్థమైనది. కంప్యూటర్ల విషయమునను మేలైన దారి ఇట్టిదే.

మూడు మార్గములు

వేరువేరు సంస్థల సాఫ్ట్‌వేర్లను కలుపుటకు మూడు మార్గములు గలవు.

మొదటిది, జతజతకు ఒప్పందము. మార్కెట్టునకును బ్యాంకునకును ఒక ఏర్పాటు, బ్యాంకునకును సంఘమునకును మరియొక ఏర్పాటు, ఈ విధముగా ఏ ఇద్దరికి అవసరమైనచో ఆ ఇద్దరు కలిసి చేసికొందురు. సంస్థలు మూడు ఉన్నచో మూడు ఒప్పందములతో పని గడచును. పది ఉన్నచో 45 ఒప్పందములు కావలెను. పదునొకండవ సంస్థ వచ్చినచో మరి 10 కావలెను. అందులో ఒక సంస్థ తన పద్ధతిని మార్చుకొనిన నాడు దానితో కలిసిన ఒప్పందములన్నియు చెడును. చిన్నపాటి పనికి ఈ మార్గము చౌక. పని పెరిగిన కొలది మోయరాని బరువు.

రెండవది, అందరికి ఒకే సాఫ్ట్‌వేరు. ఒకే రకపు పని చేయు సంస్థలకు ఇది తగినది. కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. ఇందు సంఘములకు ఒకే జాతీయ సాఫ్ట్‌వేరును ఏర్పరచి, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులతోను రాష్ట్ర సహకార బ్యాంకులతోను కలుపుట ఉద్దేశము. సంఘములన్నిటి పనియు ఇంచుమించు ఒకటే గనుక ఇది పొసగును. కాని బ్యాంకునకును, మిల్లునకును, మార్కెట్టు కమిటీకిని ఒకే సాఫ్ట్‌వేరు పెట్టబూనుట దుక్కి దున్నుటకును, కోత కోయుటకును, తూర్పారబట్టుటకును ఒకే పనిముట్టు చేయించుట వంటిది.

మూడవది, ఎవరి సాఫ్ట్‌వేరును వారు ఉంచుకొని, బయటికి పంపు సమాచారమునకు మాత్రము అందరును ఒక ఉమ్మడి రూపమును అంగీకరించుట. పది సంస్థలకు పది ఏర్పాట్లు చాలును. కొత్తగా చేరువారు ఆ ఒక్క ఉమ్మడి రూపమును నేర్చుకొన్నచో అందరితోను మాట్లాడగలరు.

ఈ మూడవ మార్గమున మన దేశమున జరిగిన పనులు కొన్ని కలవు. 2016లో ప్రారంభమైన యు.పి.ఐ. చెల్లింపుల పద్ధతి ఇట్టిదే. దీనిలో చేరిన బ్యాంకులు తమ లోపలి సాఫ్ట్‌వేరును మార్చుకొనలేదు. ఒక బ్యాంకు ఇంకొక బ్యాంకునకు పంపు వార్త ఏ రూపమున ఉండవలెనో అది మాత్రమే నిర్ణయమైనది. అందుచేత ఒక బ్యాంకు ఖాతాదారుడు ఇంకొక బ్యాంకు ఖాతాదారునకు క్షణములో పైకము పంపగలుగుచున్నాడు. రెండవ ఉదాహరణము జి.ఎస్.టి.లోని ఇ-ఇన్వాయిసు. పెద్ద వ్యాపార సంస్థలు ఒక్కొక్కటి ఒక్కొక్క జమాఖర్చుల సాఫ్ట్‌వేరును వాడుచుండగా, ప్రభుత్వము అందరికి ఒకే సాఫ్ట్‌వేరును ఇయ్యబూనక, బిల్లు వివరములు ఏ వరుసలో, ఏ రూపమున ఉండవలెనో ప్రకటించినది. 2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయలకు మించిన వ్యాపారము గలవారితో ప్రారంభించి, క్రమముగా దిగివచ్చి, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు మించిన వారికి వర్తింపజేసినది. అలవాటైన పెద్దవారితో మొదలుపెట్టి చిన్నవారివద్దకు వచ్చుట ఇందలి నేర్పు.

మూడవ ఉదాహరణము మన పొరుగున జరిగినది. కర్ణాటక రాష్ట్రమున ఇ-నామ్ కంటె ముందే ఆ రాష్ట్రపు సొంత ఇలెక్ట్రానిక్ మార్కెట్టు వేదిక నడచుచుండెను. దానిని తీసివేసి ఇ-నామ్ పెట్టుటకు బదులు, 2020 మే 1న ఆ రెండు వేదికలను కలుపు ఏర్పాటును ప్రకటించిరి. ఆనాడు కర్నూలు, హుబ్బళ్ళి మార్కెట్ల సరుకులతో దానిని చూపిరి. ఒక వేదికలో నమోదైన వర్తకుడు ఆ నమోదుతోనే రెండవ వేదికలోని సరుకునకు ధర వేయుటకు వీలు కల్పించుట దీని సారము. కొనువారు పెరిగిన కొలది రైతు ధరకు పోటీ పెరుగునని వేరుగా చెప్పనక్కరలేదు.

ఉమ్మడి భాషకు అయిదు ప్రశ్నలు

రెండు కంప్యూటర్ల నడుమ తీగ వేసినంతమాత్రమున అవి కలిసి పనిచేయవు. పంపినవాడు ఏ అర్థముతో పంపెనో అందుకొన్నవాడు ఆ అర్థముతోనే గ్రహింపవలెను. ఇందుకు అయిదు ప్రశ్నలకు ఇరువైపుల ఒకే జవాబు ఉండవలెను.

1. ఎవరు? మనుష్యుల పేర్లతో గుర్తు పట్టుట కష్టము. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. కొన్ని ఫారములలో అసలు పేరు ముందును, ఇంటిపేరు వెనుకను వ్రాయుమందురు. లక్ష్మి అను పేరును ఇంగ్లీషులో ఒకరు నడుమ ఎక్స్ అక్షరముతోను, మరియొకరు కె, ఎస్, హెచ్ అక్షరములతోను వ్రాయుదురు. మనిషికి ఈ రెండును ఒకటే. కంప్యూటరునకు ఇద్దరు మనుష్యులు. ఊళ్ల పేర్లును అట్టివే. కొత్తపల్లి, రామాపురము అను పేర్లు గల గ్రామములు అనేకము. దీనికి తోడు జిల్లాలు మారినవి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినవి. 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. పాత జిల్లా పేరు ఒక పుస్తకములోను, కొత్త జిల్లా పేరు మరియొక దానిలోను ఉన్నచో రెండును కలియవు. అందుచేతనే గ్రామమునకు ఒక సంఖ్య, రైతునకు ఒక సంఖ్య, బ్యాంకు శాఖకు ఒక కోడు ఏర్పడినవి. బ్యాంకు శాఖ కోడులో 11 గుర్తులు ఉండును. మొదటి నాలుగు బ్యాంకును, అయిదవది సున్నను, చివరి ఆరు శాఖను తెలుపును.

2. ఎంత? అంకెతోపాటు కొలత పేరు పోవలెను. మన రెండు రాష్ట్రములలోనే దీనికి చక్కని ఉదాహరణము కలదు. ఆంధ్ర ప్రాంతమున ఎకరమునకు 100 సెంట్లు. తెలంగాణలో ఎకరమునకు 40 గుంటలు. ఒక రైతు కాగితములో 2.25 అని ఉన్నదనుకొందము. ఆంధ్రలో అది 2 ఎకరముల 25 సెంట్లు. తెలంగాణలో అదే అంకె 2 ఎకరముల 25 గుంటలు. ఒక గుంట రెండున్నర సెంట్లు గనుక అది 2 ఎకరముల 62½ సెంట్లగును. తేడా 37½ సెంట్లు. ఎకరమునకు 40,000 రూపాయల చొప్పున ఋణమనుకొన్నచో, సరియైన లెక్కకు 1,05,000 రూపాయలు రావలసిన తెలంగాణ రైతునకు 90,000 రూపాయలే లెక్కకు వచ్చును. పదిహేను వేల రూపాయలు ఒక చుక్కలో పోయినవి.

ఈ తప్పు ఎందుకు పట్టుబడదో గూడ తెలిసికొనవలెను. గుంటల లెక్కలో చుక్క తరువాతి అంకె 39 మించదు. 2.70 అని కనబడినచో అవి గుంటలు కాజాలవని వెంటనే తెలియును. 39 లోపల ఉన్నచో సెంట్లును కావచ్చును, గుంటలును కావచ్చును. అంకె చూడ సహజముగానే ఉండును. తప్పని అరచు తప్పు కంటె, ఒప్పువలె కనబడు తప్పు ఎక్కువ ప్రమాదకరము.

బస్తా మాటయు ఇట్టిదే. ఆంధ్రలో ధాన్యపు బస్తా అన్నచో సాధారణముగా 75 కిలోలుగా తలతురు. తెలంగాణ కొనుగోలు కేంద్రములలో 40 కిలోల సంచి వాడుక. అందుచేత బస్తాలు ఎన్ని అని పంపుట చాలదు. కిలోలు గాని క్వింటాళ్లు గాని పంపవలెను.

3. ఏది? ఒక చోట ధాన్యము, మరియొక చోట వడ్లు. ఒక చోట వేరుసెనగ, మరియొక చోట పల్లీలు. ఒక చోట మొక్కజొన్న, మరియొక చోట మక్కలు. గ్రామ లెక్క పేరే ఒక చోట అడంగలు, మరియొక చోట పహాణీ. మాటలు మార్చవలసిన పని లేదు. మాటలన్నిటి వెనుక ఒకే సంఖ్య ఉన్న చాలును. ప్రపంచ వ్యాపారమున ఇట్టి సంఖ్యల పట్టిక 1988 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము ఎండుమిరప 0904, పసుపు 0910, మొక్కజొన్న 1005, వేరుసెనగ 1202 క్రిందికి వచ్చును. 1006 వరికి చెందినది, దానిలో 1006.10 పొట్టు తీయని ధాన్యము, 1006.30 మర పట్టిన బియ్యము. గుంటూరు మిరప ఓడ ఎక్కి ఏ రేవునకు పోయినను అచ్చటివారు తెలుగు తెలియకయే సరుకును గుర్తింపగలరు.

4. ఎప్పుడు? 04-05-2024 అని వ్రాసినచో మనకు అది మే 4. కొన్ని విదేశపు సాఫ్ట్‌వేర్లకు అది ఏప్రిల్ 5. సంవత్సరము అను మాటకును అర్థము ఒకటి కాదు. గ్రామ లెక్కలలో ఫసలీ సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. 1434 ఫసలీ అనగా 2024 జూలై నుండి 2025 జూన్ వరకు. బ్యాంకు సంవత్సరము ఏప్రిల్ 1 నుండి మార్చి 31 వరకు. మే నెలలో "ఈ సంవత్సరపు పంట" అని బ్యాంకువారు అడిగినపుడు, గ్రామ లెక్క వ్రాయువారు వేరొక సంవత్సరపు పంటను చూపు ప్రమాదము కలదు. తేదీని పూర్తిగా, నెల పేరు అక్షరములలో వ్రాయుట మేలు.

5. అందినదా? పూర్వము రిజిష్టరు ఉత్తరమునకు అందినట్లు రసీదు కార్డు తిరిగి వచ్చెడిది. కంప్యూటర్ల నడుమనుగూడ అట్టి రసీదు కావలెను. పంపిన ప్రతి వార్తకు ఒక సంఖ్య ఉండవలెను. అవతలివారు అందినదనియో, అంగీకరించితిమనియో, ఫలానా కారణముచేత త్రిప్పి పంపితిమనియో జవాబు చెప్పవలెను. జవాబు రానిచో తిరిగి పంపవచ్చును. కాని సంఖ్య అదే ఉండవలెను. అప్పుడు రెండు మారులు అందినను ఒక్క మారే లెక్కకు వచ్చును. సంఖ్య లేనిచో సొమ్ము అసలు పోకుండుటయో, రెండు మారులు పోవుటయో జరుగును.

పై అయిదింటికి తోడు, ప్రతి దినము సాయంకాలము ఇరువైపుల మొత్తములు సరిచూచుకొనుట అవసరము. మార్కెట్టు నుండి 212 చెల్లింపులు పోగా బ్యాంకునకు 209 మాత్రమే అందినచో, ఆ మూడు ఎవరివో ఆ సాయంకాలమే తేలవలెను. నెల తరువాత రైతు వచ్చి అడిగినపుడు వెదకుట కంటె ఇది సులభము, న్యాయము.

గోదాము రసీదు : ఒక మంచి ఉదాహరణము

గోదాములో సరుకు ఉంచి, ఆ రసీదుపై బ్యాంకులో అప్పు తెచ్చుకొనుట పాత పద్ధతియే. కాగితపు రసీదుతో చిక్కులు రెండు. ఒకే సరుకుపై రెండు చోట్ల అప్పు తీయుటకు అవకాశము ఉండెడిది. అందుచేత నిజాయితీపరునకు గూడ అప్పిచ్చుటకు బ్యాంకువారు వెనుకాడెడివారు. 2017 సెప్టెంబరు 26న కేంద్ర ప్రభుత్వము ఇలెక్ట్రానిక్ గోదాము రసీదుల పద్ధతిని ప్రారంభించినది. గోదామువారు వ్రాసిన రసీదు, అనుమతి పొందిన రెండు భాండార సంస్థలలో ఒకదానియందు నమోదై ఉండును. బ్యాంకు అప్పు ఇచ్చిన వెంటనే ఆ రసీదుపై గుర్తు పడును. ఆ అప్పు తీరువరకు దానిని మరియొక చోట తాకట్టు పెట్టుట కుదరదు. 2020 ఏప్రిల్‌లో ఇట్టి రసీదులు గల సరుకును గోదాము నుండి కదల్పకయే ఇ-నామ్‌లో అమ్ముకొను వీలును కల్పించిరి. గోదాము, బ్యాంకు, మార్కెట్టు అను మూడు సంస్థల లెక్కలు ఒక్క రసీదువద్ద కలిసినందున, పంట రాగానే తక్కువ ధరకు తెగనమ్ముకొనవలసిన రైతునకు కొంతకాలము నిలువ చేసికొను దారి ఏర్పడినది.

పాతవి మారునపుడు జాగ్రత్త

ఉమ్మడి గుర్తులు శాశ్వతములు కావు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసినది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసినది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరినవి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటైనవి. ఇట్టి మార్పుల తరువాత శాఖ కోడు మారవచ్చును. రైతు తన బ్యాంకులో అంతయు సరిగా ఉన్నదని తలచును. కాని మార్కెట్టులోను, సంఘములోను, పథకముల జాబితాలోను పాత కోడు మిగిలి ఉండవచ్చును. సొమ్ము పంపిన నాడు అది వెనుకకు పోవును. అందుచేత గుర్తు మారినపుడు దానిని ఎవరెవరి పుస్తకములలో మార్చవలెనో జాబితా వ్రాసి, ఒక్కొక్కటియు సరిచేయించుకొనవలెను.

ఇంకొక జాగ్రత్త అనుమతి విషయమున. సమాచారము సులభముగా పోవుచున్నదని అవసరము లేనివారికి గూడ పంపరాదు. రైతు ఋణ బాకీ వివరము బ్యాంకునకు అవసరము. ధర వేయు వర్తకునకు అవసరము లేదు. అది వర్తకునకు తెలిసినచో రైతు అవసరము కనిపెట్టి ధర తగ్గించును. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. ఏ వివరము, ఎవరికి, ఏ పని నిమిత్తము ఇచ్చుచున్నారో అడిగి తెలిసికొనుట రైతు హక్కు.

రైతులు చేయవలసినవి

పట్టాదారు పుస్తకము, ఆధారు, బ్యాంకు పుస్తకము, సంఘపు పాసుపుస్తకము ఒకచోట పెట్టి, నాలుగింటిలోను పేరు తెలుగులోను ఇంగ్లీషులోను ఒకే విధముగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. తేడా ఉన్నచో పంట చేతికి రాకముందే సరిచేయించుకొనవలెను. గేటువద్ద ఇచ్చిన లాటు నంబరును, అమ్మకపు పట్టీని సొమ్ము వచ్చువరకు భద్రపరుపవలెను. సొమ్ము పంపితిమని చెప్పినపుడు తేదీతో తృప్తి పడక, చెల్లింపు సంఖ్యను, అనగా యు.టి.ఆర్. సంఖ్యను అడిగి వ్రాసికొనవలెను. ఆ సంఖ్య ఉన్నచో బ్యాంకువారు సొమ్ము ఎచ్చట నిలిచినదో వెదకగలరు. అది లేనిచో అందరును అందరివైపు చేయి చూపుదురు.

గ్రామాధికారులు చేయవలసినవి

విస్తీర్ణము వ్రాయునపుడు సెంట్లో, గుంటలో, హెక్టార్లో స్పష్టముగా వ్రాయవలెను. హెక్టారు 2.471 ఎకరములని జ్ఞాపకముంచుకొనవలెను. పై కార్యాలయమునకు జాబితా పంపునపుడు మొత్తము పేర్ల సంఖ్యను, మొత్తము విస్తీర్ణమును చివర వ్రాసి, అచ్చట అందిన జాబితాలో ఆ రెండు మొత్తములు అట్లే ఉన్నవా అని అడిగి తెలిసికొనవలెను. త్రిప్పి పంపబడిన పేర్లను కారణముతో సహా గ్రామమున అందరికి కనబడునట్లు అతికించినచో రైతులు తమంతట తామే వచ్చి సరిచేసికొందురు. కంప్యూటరు తీసికొనలేదని రైతును త్రిప్పి పంపుట తగదు. ఏ పుస్తకములో ఏ అంకె ఏ అంకెతో కలియలేదో చీటీ వ్రాసి ఇచ్చినచో అతడు సరియైన కార్యాలయమునకే పోవును.

సంఘముల కార్యదర్శులు చేయవలసినవి

సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంఘములును సొంతముగా సాఫ్ట్‌వేరు కొనునపుడు, ధర అడుగుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. మా లెక్కలు మొత్తము మేము కోరిన నాడు బయటికి తీసి ఇయ్యగలదా? ఆ తీసిన లెక్కలను వేరొక సాఫ్ట్‌వేరు చదువగలదా? బ్యాంకు, మార్కెట్టు, జి.ఎస్.టి. వారు ప్రకటించిన రూపమున వార్తలు పంపగలదా? వారు ఆ రూపమును మార్చినపుడు సరిచేసి ఇచ్చు బాధ్యత ఎవరిది, దానికి వేరుగా రుసుము కలదా? వీనికి జవాబులను ఒప్పంద పత్రములో వ్రాయించుకొనవలెను. లెక్కలు బయటికి రాని సాఫ్ట్‌వేరు తాళపుచెవి ఇతరుల చేతిలో ఉన్న గాదె వంటిది.

కొత్త ఏర్పాటు వచ్చిన వెంటనే పాత పుస్తకమును మూయరాదు. ఒక పంటకాలము రెండును నడిపి, వారమునకొకమారు నిలువలు సరిచూడవలెను. రెండును కలిసిన పిదపనే పాతదానిని ముగింపవలెను. మొదట అమ్మకపు చెల్లింపుల వంటి ఒక్క పనిని కలిపి, అది కుదిరిన తరువాత ఋణములు, ఎరువుల నిలువలు కలుపుట క్షేమము.

సంస్థలు ఎన్ని ఉన్నను, వాని సాఫ్ట్‌వేర్లు ఎన్ని రకములైనను, రైతు ఒక్కడే, పంట ఒక్కటే. ఆ ఒక్క పంట అన్ని పుస్తకములలోను ఒకే పేరున, ఒకే కొలతన, ఒకే తేదీన కనబడునట్లు చేయుటయే ఈ పని యొక్క సారము. ఇందు పెద్ద పని పై సంస్థలదే అయినను, మొదటి అంకె వ్రాయబడునది గ్రామములోనే. అచ్చట పేరును, కొలతను స్పష్టముగా వ్రాసినచో తరువాతి చిక్కులలో చాల భాగము పుట్టకయే పోవును. రానున్న పంటకాలమునకు ముందుగానే రైతు సోదరులు తమ కాగితములను సరిచూచుకొని, లోపములున్నచో గ్రామాధికారులకు తెలిపి సరిచేయించుకొందురు గాక.